ముప్పై మూడో నంబరు పొయ్యిరాయి

1951 ఫిబ్రవరిలో ఇబ్రహీంపట్నం తాలూకా కచ్చేరీ నుంచి నన్ను జనాభా లెక్కల పనికి వేశారు. అప్పటికి నేను ఉమేద్వారును. ఉమేద్వారు అంటే, ఎప్పటికైనా ఉద్యోగం ఇవ్వకపోతారా అన్న ఆశతో జీతం లేకుండా కచ్చేరీలో చాకిరీ చేసేవాడు. మా కచ్చేరీలో ముహర్రిర్ కుర్చీ, అంటే గుమాస్తా కుర్చీ, ఒకటి ఖాళీగా ఉండేది. రెండేళ్ళుగా దాని దుమ్ము నేనే దులుపుతున్నాను. కూర్చునే యోగం మాత్రం పట్టలేదు. లెక్కల పని తప్పుల్లేకుండా చేసినవాడికి ఆ కుర్చీ ఇప్పిస్తానని తహసీల్దారు గారు అన్నారు. ఇరవై రెండేళ్ళ వయసు, కాళ్ళకు కొత్త చెప్పులు, చంకలో రిజిస్టరు. ఇక నన్ను పట్టేవాడు లేడు.

ఈమధ్య శేరిగూడ వైపు పోతుంటే, ప్లాట్ల కోసం పాతిన రాళ్ళ మీద ఎర్ర రంగు నంబర్లు కనిపించాయి. చుట్టుపక్కల ఒక్క ఇల్లు లేదు, నంబర్లు మాత్రం రెండు వందలు దాటాయి. నాకు నవ్వాగలేదు. బస్సులో పక్కనున్నవాళ్ళు వింతగా చూశారు. రాయికి నంబరు వేసి దాన్ని ఇల్లని రాసిన మొదటి మనిషిని నేనేనని వాళ్ళకేం తెలుసు!

అప్పటికి పోలీసు యాక్షన్ అయి రెండేళ్ళు దాటింది. నిజాం సర్కారు పోయింది, రజాకార్లు పోయారు, కానీ గుట్టల్లో కమ్యూనిస్టు దళాలు ఇంకా ఉన్నాయి. దళాలకు అన్నం పెట్టిందెవరో తేల్చడానికి పోలీసులు ఊళ్ళమీద పడి తిరుగుతున్నారు. అలాంటి రోజుల్లో కాగితం, కలం పట్టుకుని ఊళ్ళోకి ఎవడు వచ్చినా జనం గుండెల్లో రాయి పడేది. కాగితం వచ్చిందంటే లెవీ ధాన్యమైనా తీసుకుపోతారు, మనిషినైనా తీసుకుపోతారు. మూడోది వాళ్ళు అంతవరకు చూడలేదు.

మా పనికి మూడు నియమాలు ఉండేవి. మొదటిది, ప్రతి ఇంటికీ జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, నంబరు వేయాలి. రెండోది, ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళంతా ఒక కుటుంబం. గోడలు ఎన్నున్నా, అన్నదమ్ములు ఎందరున్నా, పొయ్యి ఒకటైతే లెక్క ఒకటే. మూడోది, మనిషిని రాత్రి పడుకునే చోటనే లెక్కించాలి, కాబట్టి దీపాలు పెట్టే వేళకు ఇళ్ళకు వెళ్ళి రాయాలి. ఈ మూడో నియమం వచ్చిన రోజునే ఇంకో హుకుం కూడా వచ్చింది. దళాల భయం ఉంది కనుక సర్కారు సిబ్బంది ఎవరూ పొద్దుగూకాక ఊళ్ళలో ఉండరాదని దాని సారాంశం. దీపాలు పెట్టే వేళకు ఇంటికి వెళ్ళాలి, దీపాలు పెట్టకముందే తిరిగి రావాలి. రెండు కాగితాలూ ఒకే కచ్చేరీ నుంచి, ఒకే ప్యూను చేతికిచ్చి పంపారు. రెంటికీ నేను సంతకం పెట్టాను.

నా హల్కాలో, అంటే నాకు అప్పగించిన సరిహద్దులో, చివరివి రెండు చిన్న పల్లెలు. ఒకటి చెరువు కట్టకింద, దాన్ని కట్టకింది పల్లె అనేవారు. చేపలు పట్టేవాళ్ళవి పదిహేడు ఇళ్ళు. రెండోది అక్కడికి మైలున్నర దూరంలో రాతిగుట్ట మీద, పేరు బోడగుట్ట. నాకు తోడుగా ఊరి నౌకరు కాశయ్యను ఇచ్చారు. యాభై ఏళ్ళ మనిషి. అడిగినదానికి జవాబు చెప్తాడు, అడగనిది చచ్చినా చెప్పడు. జాజు డబ్బా, కుంచె అతని చేతిలో ఉండేవి.

మొదట బోడగుట్ట ఎక్కాం. మిట్టమధ్యాహ్నం. ముప్పై నాలుగు ఇళ్ళు, అన్నిటికీ తడకలు కట్టేసి ఉన్నాయి. మనిషి జాడ లేదు. ఏ ఇంట్లోనూ పొయ్యి రాజేసిన వాసన కూడా లేదు. ఒక కుక్క మమ్మల్ని చూసి, మొరగడానికి ఓపిక లేక పడుకుంది. ఒక వాకిట్లో గుమ్మి, అంటే ధాన్యం పోసుకునే పెద్ద వెదురుబుట్ట, ఉంటే దాని మూత మీద రిజిస్టరు పెట్టి, పైకి చదువుకుంటూ రాశాను: "బోడగుట్ట, బేచిరాగ్." బేచిరాగ్ అంటే మా రెవెన్యూ వాళ్ళ మాటలో దీపం పెట్టే దిక్కులేని ఊరు. రాస్తుండగా గుమ్మిలోంచి దగ్గు వినిపించింది. కాశయ్య వైపు చూశాను. "పిల్లి సారు," అన్నాడు. పాపం పిల్లికి కూడా జలుబు చేసిందనుకుని గుట్ట దిగాను.

కట్టకింద చూద్దును కదా, తిరనాళ్ళలా ఉంది. పదిహేడు ఇళ్ళు దాటగానే కట్ట పొడుగునా తాటాకుల పందిళ్ళు, ఒక్కో పందిరి కింద మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి మీద అంబలి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు. ఆ రోజుల్లో అల్లర్లకు ఊళ్ళు వదిలి వచ్చి చెట్లకింద బతికేవాళ్ళు చాలామంది ఉండేవారు. వీళ్ళూ ఆ బాపతే అనుకున్నాను. పందిరి ముందు నిలబడగానే ఒక ముసలామె గరిటె పట్టుకుని లేచింది. ఆమె పేరు బాలవ్వ. ఆమె లేస్తే మిగతావాళ్ళు కూడా లేచారు. అక్కడ పెత్తనం ఎవరిదో చెప్పనక్కర్లేకపోయింది.

"లెవీకొచ్చినవా, మనుషులకొచ్చినవా?" అంది.

రెండింటికీ కాదనీ, ఊరికే తలలు లెక్క రాసుకుంటామనీ, జనం ఎక్కువున్న చోట సర్కారు బళ్ళు, బావులు కట్టిస్తుందనీ చెప్పాను. చివరి మాట నేను సొంతంగా కలిపింది. జనానికి ధైర్యం రావాలని కలిపాను.

"గట్లనా? ఈ లెక్కతోటి మాకు బాయి పడ్తదా?"

ఎదురుగా కళ్ళు చాలనంత చెరువు పెట్టుకుని బావి అడుగుతుందేమిటి, ఈ మనిషికి ఆశ కాస్త ఎక్కువే అనుకున్నాను. సరే, అడిగిందే కదా అని రిమార్కుల గడిలో "వీరికి మంచినీటి బావి మిక్కిలి అవసరం" అని రాశాను. ఆ ఒక్క వాక్యానికి ఎంత గర్వపడ్డానంటే, కాశయ్యకు చదివి వినిపించాను. అతను తల ఊపాడు.

ఇక ప్రశ్నలు. "ఇక్కడే వండుకుంటారా?" "అవ్, ఈడనే." "ఇక్కడే తింటారా?" "ఈడనే." మూడో ప్రశ్న గొంతులోకి వచ్చి ఆగిపోయింది. "రాత్రి ఎక్కడ పడుకుంటారు?" అని ఆ రోజుల్లో అడిగేది పోలీసులు మాత్రమే. ఆ మాట నా నోట వినబడితే మొత్తం జనం చెరువులో దూకి అవతలి గట్టుకు పోతారనిపించింది. పెద్దమనిషి తరహాగా ఆ ప్రశ్న మింగేశాను. పొయ్యి ఉంది, తిండి ఉంది, కుటుంబం ఉంది. ఇల్లు లేకపోతే నంబరు ఎక్కడ వేయాలి? పొయ్యిరాయికే వేయమన్నాను. కాశయ్య కుంచె జాజులో ముంచి పద్దెనిమిది నుంచి యాభై ఒకటి దాకా వరసగా వేసుకుపోయాడు. బాలవ్వ పొయ్యి ముప్పై మూడు. ఎండ వాలకముందే ఇబ్రహీంపట్నం చేరి టీ తాగాను.

మా తహసీల్దారు గారు యాక్షన్ తరువాత కోస్తా సర్కారు జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినవారు. మంచివారే, కానీ భూగోళమంటే పిచ్చి. మేజా మీద ఒక గ్లోబు ఉండేది. సంతోషం వస్తే దాన్ని మెల్లగా తిప్పేవారు, కోపం వస్తే గిర్రున తిప్పేవారు. నా రిజిస్టరు చూసి మెల్లగా తిప్పారు.

"ఏమయ్యా, మైలున్నర దూరంలో రెండు ఊళ్ళు. ఒకచోట కాలు పెట్ట సందు లేదు, ఇంకోచోట పురుగు లేదు. ఎందుకంటావు? ప్రపంచంలో కొన్నిచోట్ల జనం కిక్కిరిసి, కొన్నిచోట్ల అసలే లేకుండా ఎందుకుంటారో తెలిసినవాడికి సగం రాజ్యపాలన తెలిసినట్టే. రాయి, ఒక నోటు రాయి. పైకి పంపిద్దాం."

రాశానండీ. నాలుగు పేజీలు రాశాను. గంగ ఒడ్డున, నైలు ఒడ్డున జనం ఎందుకు చేరారో, ఎడారుల్లో ఎందుకు చేరలేదో రాసి, అక్కడి నుంచి నేరుగా కట్టకింది పల్లెకు వచ్చాను. నీటి వసతి, మెత్తటి నేల, చేపల ఆహారం. చెరువు మీది చల్లగాలికి మనుషులకు కలిసి ఉండాలన్న బుద్ధి పుడుతుందనీ, రాతిగుట్ట వేడికి విడిపోవాలన్న బుద్ధి పుడుతుందనీ కూడా రాశాను. తహసీల్దారు గారు దాన్ని సిబ్బంది అందరినీ నిలబెట్టి చదివి వినిపించారు. కింద తన సంతకం పెట్టి జిల్లా కచ్చేరీకి పంపారు. ముహర్రిర్ కుర్చీకి నా పేరు సిఫారసు చేశారు. ఆ సాయంత్రం ఎవరూ లేనప్పుడు కుర్చీలో ఒకసారి కూర్చుని చూశాను. కాస్త ఊగింది, అయినా బాగుంది.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. తాలూకాకు ఒక మంచినీటి బావి మంజూరైంది. జనం ఎక్కువున్న చోట, అవసరముందని రిమార్కు ఉన్న చోట తవ్వాలి. అంటే కట్టకింది పల్లెలో, చెరువుకు ఇరవై గజాల దూరంలో. ఓవర్సీరు వచ్చి సున్నంతో గుండ్రంగా గీత గీసి పోయాడు.

మర్నాడు కచ్చేరీ తెరవగానే బాలవ్వ వచ్చింది. నెత్తిన చుట్టకుదురు, చుట్టకుదురు మీద మసిబట్టిన రాయి, రాయి మీద ఎర్రగా 33. దాన్ని తెచ్చి నా మేజా మీద, రిజిస్టరు పక్కన దబ్బున పెట్టింది. సిరాబుడ్డి ఎగిరి పడింది.

"గిదేంది అవ్వా?" అన్నాను.

"గిదేందంటవేంది? నా ఇల్లు. నువ్వే గదా నంబరేసినవ్. ఇంటి కాడ బాయి తవ్వుతమన్నవ్, తవ్వేది చెరువుల. నీళ్ళ పక్కన నీళ్ళు తవ్వే తెలివి ఎవలిదని అడిగితె, లెక్కల సారుదన్నరు. ఇల్లు ఎత్తుకొచ్చిన. ఏడ పెట్టమంటవో చెప్పు, గాడ తవ్విపియ్యి."

"మీరు కట్ట మీదనే కదా ఉండేది?"

"వండుకునేటందుకు వస్తం బిడ్డ! గుట్ట మీద సుక్క నీళ్ళు లేవు. పొద్దున దిగుతం, దొర పొలంల కూలి చేస్తం, గాడనే ఇంత అంబలి కాసుకుంటం, పొద్దు గూకితె తలా ఒక కుండ ఎత్తుకొని ఎక్కుతం. రాత్రి పండుకునేది గుట్ట మీదనే. గా ఒక్క కుండతోటి తెల్లారిందాక ఇంటిల్లిపాది తాగాలె. మొన్న నా కోడలు ఏడు నెలల కడుపుతోటి కుండ ఎత్తుకొని ఎక్కుతుంటె కాలు జారింది. కుండ వలిగింది. అది బతికింది, నా నసీబు."

కాశయ్య వైపు తిరిగాను. "నీకు తెలుసా?" అంటే తెలుసన్నాడు. "మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలె గద సారు. పొయ్యిలకు నంబర్లేయమన్నవ్, ఏసిన. గుట్ట ఖాళీ అని రాసుకుంటివి, లెవీ ఉండది, పోలీసోళ్ళు రారు, మంచిదే గద అని ఊకున్న."

"పిల్లి?"

"పిల్లి గాదు. బాలవ్వ పెనిమిటి. గుట్ట దిగి కూలికి పోలేడు, నీ పుస్తకం జూసి గుమ్మిల దుంకిండు. చెప్తె బయంతోని సచ్చేటోడు."

"నువ్వు పుస్తకం పెట్టి రాసింది మా ముసలోని నెత్తి మీదనే," అంది బాలవ్వ. "ఊళ్ళె దీపం లేదని ఆయన నెత్తి మీదనే రాసినవంట. నేను ఇంటికి పొయ్యేసరికి ఒక్కతీర్గ ఏడుస్తున్నడు."

కచ్చేరీ అంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టాను కానీ నా పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. తప్పు ఒప్పుకుంటే కుర్చీ పోతుంది. ఒప్పుకోకపోతే బావి చెరువులో పడుతుంది. ఈ రెండో మాట చాలా సేపు నా మనసుకు రాలేదని నిజాయితీగా చెప్పాలి. ముందు కుర్చీయే గుర్తొచ్చింది. అసలు కట్ట మీదే ఇళ్ళు వేసుకోవచ్చు కదా అని, నా తప్పు వాళ్ళ మీదికి తోద్దామని ఆమెనే ఎదురు అడిగాను. సిగ్గులేని ప్రశ్న.

"చేపలోళ్ళ ఇండ్లు దాటితె కట్టకింది భూమంత దొరది," అంది బాలవ్వ. "పొయ్యి పెట్టనిస్తడు, ఇంటికి గుంజ పాతనియ్యడు. నీళ్ళున్న జాగల మేముంటె గుట్ట మీద మాకేం పని బిడ్డ?"

నా నాలుగు పేజీల నోటులో గంగ ఉంది, నైలు ఉంది, గాలి కూడా ఉంది. ఈ ముక్క లేదు. లేచి తహసీల్దారు గారి గదిలోకి పోయి జరిగిందంతా చెప్పాను. గుమ్మి సంగతి కూడా దాచలేదు.

గ్లోబు గిర్రున తిరిగింది. ఎంత జోరుగా అంటే ఇరుసు ఊడి కింద పడి గోడవారకు దొర్లింది. "చెరువు పక్కన బావా! నీళ్ళలో నీళ్ళు కలపడానికా? నీకు కుర్చీ కాదయ్యా, గుట్ట మీద ఆ గుమ్మి ఇవ్వాలి, లోపల కూర్చో!" అని అరిచారు. అరుస్తూ అరుస్తూ హఠాత్తుగా ఆగిపోయారు. ఆ నోటు కింద ఉన్న సంతకం ఎవరిదో అప్పుడు గుర్తొచ్చింది. మెల్లగా కూర్చున్నారు.

జనగణన రిజిస్టరులో కొట్టివేతలు కుదరవు. ఒకటి అరా మాటలు తహసీల్దారు తన పొట్టి సంతకంతో దిద్దవచ్చు. అంతకు మించితే జిల్లాకు రాసి, సంజాయిషీ ఇచ్చి, ఆజ్ఞ తెచ్చుకోవాలి. ముప్పై నాలుగు కుటుంబాలను ఒక ఊరి నుంచి కొట్టేసి ఇంకో ఊళ్ళో రాయాలంటే ఏడాది పడుతుంది. ఈలోగా బావి తవ్వేస్తారు. బాలవ్వను ఆ గదిలోకే పిలిచి ఇదంతా విడమరిచి చెప్పాను. విని ఆమె ఒకటే అడిగింది.

"నీ పుస్తకంల ముప్పై మూడు ఏడున్నదని రాసుందా, ఉన్నదని రాసుందా?"

తహసీల్దారు గారు రిజిస్టరు తెప్పించుకుని కళ్ళజోడు సవరించుకుని చదివారు. ఇల్లు నంబరు ముప్పై మూడు, పొయ్యి ఒకటి, మనుషులు ఆరుగురు. పదిహేడో నంబరు దాకా మాత్రం "కట్టకింది పల్లె" అని పక్కన రాసి ఉంది. అక్కడి నుంచి అదే, అదే అని పెట్టడానికి నాకు బద్ధకమై గడి ఖాళీగా వదిలేశాను. నా ముప్పై ఏడేళ్ళ సర్వీసులో నా బద్ధకం ఒక ఊరికి మేలు చేయడం అదొక్కసారే.

"ఇప్పుడు ముప్పై మూడు ఎక్కడుంది?" అన్నారు తహసీల్దారు గారు.

"నా మేజా మీద అండీ."

"ఎల్లుండి నేను మౌకా చూడటానికి వస్తున్నాను." మౌకా అంటే స్థల పరిశీలన. "ఏ నంబరు ఎక్కడ కనిపిస్తే ఆ గడిలో అదే రాస్తాను. అంతకు మించి నాకేమీ తెలియదు, నువ్వేమీ చెప్పలేదు."

బాలవ్వకు రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. రాయి ఎత్తి నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే కట్ట మీది నుంచి ముప్పై నాలుగు రాళ్ళు గుట్టకు బయల్దేరాయి. నేనూ వెంట పోయాను. కాశయ్య ఒకటి మోశాడు. నన్ను చూసి బాలవ్వ "ఉత్తగనే వస్తవా?" అని ఇరవై తొమ్మిదో నంబరు నా భుజాన పెట్టింది. మైలున్నర. ఆ రాయి బరువేమిటో నాకు తెలిసింది, అదే దారిన నిండు కుండతో రోజూ ఎక్కడమంటే ఏమిటో కూడా తెలిసింది. సగం దూరంలో నా కొత్త చెప్పు తెగింది. ఏడవలేక నవ్వుతుంటే, పక్కన నడుస్తున్న ఆమె కోడలు "జర పైలం సారు, ఇల్లు కింద పడ్తది" అంది.

మౌకా చక్కగా జరిగింది. ప్రతి వాకిట్లో గుమ్మం పక్కన ఎర్ర నంబరు రాయి, రాయి పక్కన యజమాని. గుమ్మి పక్కన బాలవ్వ పెనిమిటి కూర్చుని ఉన్నాడు. తహసీల్దారు గారు ఖాళీ గడులన్నీ నింపారు. "బేచిరాగ్" అన్న ఒక్క మాట కొట్టేసి పొట్టి సంతకం పెట్టారు. ముసలాయన చదువు రాని మనిషి. అయినా గీత కొట్టిన చోటు వేలు పెట్టి చూపించమని అడిగి, చూసి, తల ఊపాడు.

జిల్లా కచ్చేరీ ఊరుకుంటుందా? నాలుగు పేజీల కారణాలతో కట్టకింద ఉన్న జనం నెల రోజుల్లో గుట్టకు ఎందుకు మారారో సంజాయిషీ అడిగింది. ఈసారి ఒకటే మాట రాశాను. "కారణం: నిద్ర." తహసీల్దారు గారు దాని మీద సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. నా సంతకమే పెట్టించారు. కుర్చీ ఇంకొకరికి పోయింది. నాకు మరో పద్నాలుగు నెలల తరువాత, వేరే తాలూకాలో దొరికింది.

బావి మాత్రం గుట్టకే వచ్చింది. రాయి పగలగొట్టి పగలగొట్టి ఓవర్సీరు నన్ను తిట్టని తిట్టు లేదు. మనిషి లోతుకు తొమ్మిది రెట్లు పోయాక నీళ్ళు పడ్డాయి.

1961లో మళ్ళీ లెక్కలు వచ్చినప్పుడు నేను సూపర్‌వైజరును. నా కింద ఆరుగురు ఎన్యూమరేటర్లు. బోడగుట్టకు మాత్రం నేనే పోయాను, దీపాలు పెట్టే వేళకు. ఇళ్ళు అరవై అయ్యాయి. ఇంతకుముందు ఈ గుట్టకు పిల్లనిచ్చేవాళ్ళు లేరట, నీళ్ళకు చస్తుందని. బావి పడ్డాక ఇస్తున్నారట. బాలవ్వ ముప్పై మూడో నంబరు రాయిని వాకిట్లో పొయ్యికే పెట్టుకుంది. నంబరు మసిలో కలిసిపోయింది. రిజిస్టరు తెరిచి, పదేళ్ళ కింద మింగేసిన ప్రశ్న అడిగాను. రాత్రి ఎక్కడ పడుకుంటారు?

"గిప్పుడు అడుగుతున్నవా?" అని ఆమె కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచి ఇచ్చింది. తాగి, రాసుకున్నాను.

ఆ తరువాత నా కింద పనిచేసిన ప్రతి ఎన్యూమరేటరుకూ రెండు మాటలు చెప్పాను. ఎక్కడ జనం ఎక్కువున్నారో రాసే ముందు, వాళ్ళు రాత్రి ఎక్కడ పడుకుంటారో అడగాలి. ఎందుకు ఎక్కువున్నారో రాసే ముందు, ఆ నేల ఎవరిదో అడగాలి. ఈ రెండూ అడిగితే నోటు నాలుగు పేజీలు రాదు.